మోకాలి ఆపరేషన్ తర్వాత ఏది మేలు: ఐసోకైనెటిక్ మెషినా, వెయిట్ కఫ్ చాలా?

కబడ్డీ ఆడుతూనో బైక్ మీంచి పడో ఎసిఎల్ (మోకాలి లోపలి ఎముకల్ని పట్టి ఉంచే ఒక లిగమెంట్, అంటే గట్టి పట్టీ) తెగితే, ఆపరేషన్ అయ్యాక తొడ కండరం చూస్తుండగానే సన్నబడిపోతుంది. దాన్ని మళ్లీ నిలబెట్టడానికి ఇంట్లో వెయిట్ కఫ్ (చీలమండకు చుట్టుకునే బరువు పట్టీ) చాలా, పెద్ద ఆసుపత్రిలో ఉండే ఐసోకైనెటిక్ మెషినే కావాలా?

ముందు వెయిట్ కఫ్ సంగతి. కుర్చీలో కూర్చుని, చీలమండకు రెండు కిలోలు కట్టుకుని కాలు చాపి చూడండి. మొదట్లో బరువే తెలియదు. కాలు నిటారుగా అయ్యే చివరి భాగంలో ప్రాణం మీదికొస్తుంది. కండరానికి బలం తక్కువగా ఉండే చోటే బరువు గట్టిగా లాగుతుంది మరి. ఆ చివర్లో ఎత్తగలిగినంతే కట్టుకోవాలి కాబట్టి, బలం బాగా ఉండే మధ్య భాగంలో కండరానికి సరిపడా పని దొరకదు.

1960లలో అమెరికాలో జేమ్స్ పెర్రీన్ ముందుకు తెచ్చిన ఐసోకైనెటిక్ పద్ధతి దీనికి తిరగేసిన లెక్క. ఇందులో బరువు ఉండదు, వేగం మాత్రం ఖాయం. సెకనుకు 60 డిగ్రీలు అని పెడితే ఎంత బలంగా తన్నినా కాలు అంతకు మించిన వేగంతో కదలదు. ఎంత తంతే మెషిన్ అంత ఎదురొత్తుతుంది. నొప్పి పుట్టి వదిలేస్తే అదీ తగ్గిపోతుంది. మీద పడే బరువేమీ లేదు, ఆ ధైర్యం చాలా పెద్దది.

అయినా రోజువారీ వ్యాయామానికి నా ఓటు మెషిన్‌కి కాదు. మెట్లెక్కేటప్పుడు ఎవరూ ఒకే వేగంతో, నడుముకీ తొడకీ బెల్టులు కట్టుకుని కదలరు. స్టెప్-అప్‌లు (మెట్టెక్కి దిగడం), లెగ్ ప్రెస్ (కాళ్లతో బరువు నెట్టడం), స్క్వాట్‌లు (గుంజీళ్లలాంటివి) ఆ పని బాగా చేస్తాయి. పైగా కూర్చుని కాలు పూర్తిగా చాపే కదలిక కొత్త లిగమెంట్‌ని లాగుతుంది, అది కఫ్‌తో అయినా మెషిన్‌తో అయినా. అందుకే తొలి నెలల్లో ఫిజియోలు ఆ చివరి భాగాన్ని ఆపేయిస్తారు.

మెషిన్‌కి సాటి లేనిది కొలతలో. బాగున్న కాలితో పోలిస్తే ఆపరేషన్ కాలు ఎంత వెనకబడిందో గ్రాఫ్ గీసి చూపిస్తుంది. ఆటలోకి దిగేముందు కనీసం 90 శాతం ఉండాలని చాలాచోట్ల పెట్టుకున్న గీత. మనం కుంటకుండా నడుస్తున్నాం కదా అనుకుంటాం, గ్రాఫ్ మొహమాటపడదు. మోకాలి ఇరుసూ మెషిన్ ఇరుసూ ఒకే వరుసలో లేకపోతే మాత్రం ఆ అంకెల్ని నమ్మలేం.

కాబట్టి మళ్లీ కోర్టులో దిగాలనుకునేవాళ్లు కఫ్, మెట్లు, జిమ్‌తో బలం పెంచుకుని, సర్జన్ సరేనన్నాక ఒకసారి మెషిన్ టెస్టు చేయించుకోవాలి. వాకింగ్, ఇంటిపని చాలనుకునే పెద్దవాళ్లకు ఆ ఖర్చు అక్కర్లేదు. మోకాలు వాచి ఉన్నా, బీపీ అదుపులో లేకపోయినా టెస్టు వాయిదా వేయమనండి.