పాత కోడ్: కూల్చి కట్టాలా, ఉన్నదాన్నే బాగు చేసుకోవాలా?

స్క్రీన్లన్నీ బాగానే పనిచేస్తుంటాయి, క్లయింట్ కూడా బాగుందనే అంటాడు, లోపలికి వెళ్లి చూస్తే మాత్రం ఒకే లెక్క నాలుగు ఫైళ్లలో నాలుగు రకాలుగా ఉంటుంది, కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే టెస్టులు ఉండవు, రాసినవాళ్లు ఎప్పుడో కంపెనీ మారిపోయి ఉంటారు. అలాంటి ప్రాజెక్ట్ చేతికొస్తే ముందు నోట్లోంచి వచ్చే మాట, "ఇదంతా పక్కన పడేసి కొత్తగా రాసేద్దాం." నేనూ అదే అనేవాణ్ని. ఇప్పుడు నా ఓటు కొంచెం కొంచెంగా బాగు చేయడానికే.

ఎందుకంటే ఒకసారి దెబ్బ తిన్నాను. ఒక బిల్లింగ్ ప్రాజెక్ట్‌లో 1,200 లైన్ల ఫంక్షన్ ఉండేది, దాని మధ్యలో ఒక వింత కండిషన్, పక్కనే "ముట్టుకోవద్దు" అని కామెంట్. ఎందుకో ఎవరికీ తెలీదు కాబట్టి కొత్త వెర్షన్‌లో వదిలేశాం. నెలాఖరు బిల్లులు వెళ్లాక తెలిసింది, నెల మధ్యలో ప్లాన్ మార్చుకున్నవాళ్లకి రెండుసార్లు చార్జీ పడకుండా ఆపుతున్నది అదేనని.

ఒకప్పటి పేరున్న బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్ సంగతే చూడండి. 1998లో బ్రౌజర్‌ని మొదటి నుంచి రాయడానికి దిగితే 5వ వెర్షన్ రానేలేదు, 6 వచ్చేసరికి 2000 నవంబర్ అయింది, ఈలోగా జనం మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి వెళ్లిపోయారు. ఆ కష్టం లోంచే తర్వాత ఫైర్‌ఫాక్స్ పుట్టింది, నిజమే, కానీ అప్పటికి నెట్‌స్కేప్ చేతిలో ఏమీ మిగల్లేదు.

అలాగని నడుస్తోంది కదా అని వదిలేయడం ఇంకా ప్రమాదం. అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ సంస్థ ఏళ్లుగా వాడని కోడ్‌ని తీసేయకుండా ఉంచింది, పైగా దాన్ని ఆన్ చేసే పాత స్విచ్ లాంటి ఫ్లాగ్‌నే కొత్త పనికి వాడింది. 2012 ఆగస్టు 1న ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరలేదు, అక్కడ ఆ పాత కోడ్ మళ్లీ లేచింది. సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోయాయి.

తాటిచెట్టు మీద మర్రి మొలిచి మెల్లగా చుట్టుకున్నట్టు, పాతది నడుస్తుండగానే ఒక్కో భాగాన్ని కొత్త కోడ్‌కి మార్చుకుంటూ పోవడమే నాకు నచ్చిన దారి. ముట్టుకునే ముందు ఇప్పుడది ఇస్తున్న ఫలితాలకి టెస్టులు రాసుకోవాలి, ఆ ఫలితం తప్పుగా అనిపించినా సరే. చిన్న టూల్ అయితే, లేదా కింద ఉన్న ప్లాట్‌ఫామ్‌కే సపోర్ట్ ఆగిపోతే, అప్పుడు కొత్తగా రాయండి, వెనకాడొద్దు. వాడని కోడ్ అని ఖాయంగా తేలిందంటే మాత్రం ఆ వారమే తీసేయండి, ఎప్పుడైనా కావాలంటే కోడ్ పాత వెర్షన్లు దాచిపెట్టే గిట్‌లో ఎలాగూ ఉంటుంది.