పాత ఫైబర్ పడవ కొనేవాళ్ళు జాగ్రత్త! మెరిసే రంగు కింద మాకు దొరికింది కార్ల పుట్టీ

నిన్న సాయంత్రం అమ్మినాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళి వచ్చాం. రాత్రంతా కన్ను మూతపడలేదు. కోపం చల్లారాక నిదానంగా రాద్దామనుకున్నాను. పొద్దున ఫోన్ తెరిస్తే ఆయన ఇంకో మూడు పడవల ఫొటోలు పెట్టి ఉన్నాడు. వాటిలో ఒకటి నీలం రంగుది, అడుగంతా అద్దంలా మెరుస్తోంది. మాదీ సరిగ్గా అలాగే మెరిసింది. అందుకే ఇక ఆగకుండా రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. తడ, సూళ్ళూరుపేట వైపు పాత పడవ కోసం వెతికినవాళ్ళకు నేను ఎవరి గురించి చెబుతున్నానో ఈపాటికే అర్థమై ఉంటుంది.

మాది పులికాట్ ఒడ్డు. మా నాయన నలభై ఏళ్ళుగా సరస్సులో వేట చేస్తున్నాడు. నాది శ్రీసిటీలో షిఫ్టు ఉద్యోగం. మా చెక్క పడవ ఇక ఎన్ని అతుకులు వేసినా ఆగనని తేల్చేసింది. కొత్త ఫైబర్ పడవ చేయించే స్తోమత లేదు. తెరచాప ఉన్న పాతది ఏదైనా దొరికితే చాలనుకున్నాం. మన సరస్సు సంగతి తెలిసిందే కదా, ఎండాకాలంలో చాలాచోట్ల మోకాలి లోతే ఉంటుంది. ఇంజను పెడితే ఫ్యాను బురదలో దిగబడుతుంది, డీజిల్ ఖర్చు వేరే. గెడ, తెరచాప ఉంటే మా నాయనకు ఇంకేమీ అక్కర్లేదు.

78 వేలకు బేరం కుదిరింది. 20 వేలు ఫోన్‌పేలో అడ్వాన్సు, మిగతా 58 వేలు నోట్లు. రసీదు అడగలేదు. ఈ ముక్క రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఆ రోజు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను, ఎందుకంటే తప్పు నా వైపు కూడా ఉంది. పడవ బోర్లించి ఉంది. "ఎనిమిదేళ్ళ పడవ. వేట నిషేధం 61 రోజులూ కూర్చుని అడుగంతా కొత్త మ్యాట్ వేయించా" అన్నాడు అమ్మినాయన. (మ్యాట్ అంటే గాజు పోగుల గుడ్డ. దాన్ని రెజిన్ అనే జిగురుతో పొరలుగా అతికిస్తేనే ఫైబర్ అడుగు తయారవుతుంది.) మా నాయన మాట్లాడలేదు. వంగి, వేలి కణుపులతో ముందు నుంచి వెనక్కి తట్టుకుంటూ పోయాడు. ముందు భాగంలో ఠంగుమంది. చుక్కాని తగిలించే వెనక పలక దగ్గరికి వచ్చేసరికి శబ్దం మారింది. తడిసిన అట్టపెట్టెను కొట్టినట్టు బద్దుబద్దుమంది. నాయన అక్కడే ఆగి మళ్ళీ తట్టాడు. నా వైపు చూసి, "దీని గొంతు బాగలేదురా అబ్బయ్యా" అన్నాడు.

నాకు రెండు గంటలకు షిఫ్టు. బయట ట్రాలీ ఆటో వెయిటింగులో ఉంది. "అంత మందంగా మ్యాట్ వేశారు నాయనా, శబ్దం అలాగే ఉంటుందిలే" అన్నాను. ఫైబర్ గురించి నాకేం తెలుసని అన్నానో ఇప్పటికీ అర్థం కావడంలేదు. ఆయన ఇంకో మాట మాట్లాడలేదు.

ఆటోలోకి ఎక్కించేటప్పుడు కూడా ఒక సూచన కనిపించింది. ఆ సైజు పడవను నలుగురు పట్టుకుంటే లేవాలి. ఆరుగురం పట్టినా నడుములు విరిగాయి. "బరువుందంటే బలముందని అర్థం" అన్నాడు అమ్మినాయన. అది నీళ్ళు పీల్చిన బరువు. ఫైబర్ తనంతట తాను కుళ్ళదు, కానీ దాని మధ్యలో పెట్టిన ప్లైవుడ్ కుళ్ళుతుంది. వెనక పలకలో ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు వేసిన రంధ్రాన్ని సరిగా మూయకపోతే నీళ్ళు అందులోంచి లోపలికి పోయి మళ్ళీ బయటికి రావు. పైన రంగు చూస్తే ఏమీ తెలియదు.

మొదటి రెండు రోజులు బాగానే ఉంది. మూడోరోజు మధ్యాహ్నం గాలి బాగా లేచింది. నాకు వారాంతపు సెలవు, నేనూ వెళ్ళాను. ఇరకం దీవి వైపు తెరచాప నిండుగా పట్టి పోతున్నాం. కాళ్ళ కింద టప్‌మని శబ్దం వచ్చింది. తెరచాప కొయ్య అడుగును నిలబెట్టే చెక్క దిమ్మె పక్కకు ఒరిగింది, కొయ్య మా మీదికి వాలింది. వెనక పలక, అడుగు కలిసే మూలలో వేలు పట్టేంత చీలిక. అందులోంచి నీళ్ళు పొంగుకొచ్చాయి. నాయన తెరచాప తాడు వదిలేసి నీళ్ళలోకి దూకాడు. నడుము లోతు. అరవై దాటిన మనిషి పడవను భుజంతో నెట్టుకుంటూ, వలలు తడవకుండా చూడమని నాకు చెబుతూ, బురదలో దాదాపు గంటసేపు నడిచాడు. నడుము లోతు కాబట్టి ఇప్పుడు ఇది రాస్తున్నాను. సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర అయి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడం నాకు ఇష్టం లేదు.

ఒడ్డుకు చేర్చి బోర్లించాక అసలు రూపం బయటపడింది. చీలిక దగ్గర స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే అరచేయంత పెచ్చు ఊడి వచ్చింది. మ్యాట్ పోగు ఒక్కటి లేదు. చేత్తో నలిపితే సుద్దలా పొడైంది. కార్లకు సొట్టలు పూడ్చే పుట్టీ అది. నీళ్ళు తగలని చోట గీతలు పూడ్చడానికి పనికొస్తుంది తప్ప, నీటిలో మునిగి ఉండే అడుగుకు అది వేయడం అంటే మనిషి ప్రాణంతో ఆడుకోవడమే. అది నీళ్ళు పీలుస్తుంది, దానికి పట్టూ ఉండదు. పుట్టీ వెనక ప్లైవుడ్ నల్లగా, టీలో ముంచిన బిస్కెట్‌లా ఉంది. వేలు గుచ్చితే దిగిపోయింది.

అడుగున రంగు కింద చిన్న చిన్న పొక్కులు. ఒకదాన్ని నాయన కత్తి మొనతో గుచ్చాడు. లోపలి నీరు చిమ్మి ఆయన మణికట్టు మీద పడింది. జిగటగా, వెనిగర్ లాంటి పుల్లటి వాసన. ఏళ్ళ తరబడి నీళ్ళలోనే కట్టేసి ఉంచిన ఫైబర్ పడవలకు జెల్‌కోట్ అనే పైపూత గుండా నీరు చొరబడి, లోపలి రెజిన్‌లో మిగిలిన రసాయనాలతో కలిసి ఇలా పొక్కులు లేస్తాయని తర్వాత వచ్చిన ఫైబర్ మేస్త్రి చెప్పాడు. ఉన్నవాటిని చెక్కి, కడిగి, ఆరబెట్టి మళ్ళీ పూత వేయాల్సింది పోయి, పైన మందంగా రంగు కొట్టి కప్పేశారు.

ఇంకొకటి ఉంది, దాన్ని చూసినప్పుడు నాకు కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. ఎంత దూరం పుట్టీ ఉందో చూద్దామని ఉప్పుకాగితంతో పక్కభాగం రుద్దాను. నీలం పోయింది, దాని కింద ఆకుపచ్చ వచ్చింది, దాని కింద వెలిసిన తెలుపు. ఆ తెలుపు మీద అరవంలో సగం చెరిగిన అక్షరాలు. మా పక్కింటి మామకు అరవం చదవడం వచ్చు. కూడబలుక్కుని చదివాడు: సునామీ సాయం, 2005. అంటే ఎనిమిదేళ్ళ పడవ కాదు, ఇరవై ఏళ్ళ పడవ. 2004 డిసెంబరు 26 తర్వాత వేల కొద్దీ ఫైబర్ పడవలు ఒక్కసారిగా చేయించి పంచారు. వాటిలో మంచివీ ఉన్నాయి, హడావిడిగా పలచగా లాగేసినవీ ఉన్నాయి. పాతదని చెప్పి ఉంటే దానికి తగ్గ ధర ఇచ్చేవాళ్ళం, దానికి తగ్గట్టు విప్పి చూసుకునేవాళ్ళం.

ఇక నిన్నటి సంగతి. ఫొటోలు, ఆ పుట్టీ పెచ్చు సంచిలో వేసుకుని నేనూ నాయనా వెళ్ళాం. నేను గొడవ పడదామని వెళ్ళలేదు. డబ్బు మొత్తం కాకపోయినా సగం ఇచ్చి పడవ తీసుకుపొమ్మని అడిగాను. ఆయన పెచ్చును చేత్తో ముట్టుకోలేదు. కుర్చీలోంచి లేవలేదు, నాయనను కూర్చోమనలేదు. "సెకండ్ హ్యాండ్ అని చెప్పే ఇచ్చా. పడవన్నాక నీళ్ళు రావా?" అన్నాడు. నేను అక్షరాల ఫొటో చూపించాను. దాన్ని చూడకుండానే నాయన వైపు తిరిగాడు.

"ఏం పెద్దాయనా, నలభై ఏళ్ళు నీళ్ళ మీద బతికినోడివి. ఆ రోజు చేత్తో తట్టి మరీ చూస్తివి. నీకు తెలీదా ఏంది? తెలిసే తీసుకున్నావు, ఇప్పుడు కొడుకును ముందు పెట్టుకుని వస్తివా?"

అక్కడ ఇంకో నలుగురు ఉన్నారు. నవ్వారు.

మా నాయనకు తెలుసు. ఆ శబ్దం వినగానే ఆయనకు తెలిసింది. నోరు విప్పి "నేను వద్దన్నా, మా వాడు వినలేదు" అని ఒక్క మాట అని ఉంటే ఆయన పరువు నిలిచేది. అనలేదు. నలుగురిలో నన్ను తగ్గించడం ఇష్టంలేక ఆ మాట తన మీదే వేసుకున్నాడు. "పోదాం పద" అని తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. బండి మీద ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. 78 వేలు ఓవర్‌టైం చేసి సంపాదించుకుంటాను. నా తొందర వల్ల ఆ మనిషి మా నాయనను అంత మాట అన్నాడు, దాన్ని మాత్రం నేను మరిచిపోలేను.

మేస్త్రి లెక్క ప్రకారం మరమ్మతుకు 45 వేలు అవుతుంది, అదీ ఇప్పుడే కుదరదు. వెనక పలక ప్లైవుడ్ మొత్తం తీసేయాలి. ఉప్పు పోయేలా మంచినీళ్ళతో పలుమార్లు కడిగి, నీడలో వారాల తరబడి ఆరనివ్వాలి. తడి మీద రెజిన్ పట్టదు. చీలిక చుట్టూ గట్టి ఫైబర్ తగిలేదాకా గ్రైండర్‌తో ఏటవాలుగా చెక్కాలి. మందానికి పన్నెండు రెట్ల వెడల్పు చెక్కాలట. మా పడవ అడుగు ఆరు మిల్లీమీటర్లు, అంటే చీలికకు ఒక్కో వైపు నాలుగు వేళ్ళ వెడల్పు. ఆపైన మ్యాట్, రోవింగు (మందపాటి గాజు నేత గుడ్డ) పొర మీద పొర వేయాలి. పాత ఫైబర్‌కు అతుక్కోవాలంటే ఎపాక్సీ అనే గట్టి జిగురు మేలు, అంత ఖర్చు పెట్టలేకపోతే కనీసం నీటికి బాగా తట్టుకునే ఐసో రెజిన్ వాడాలి, మామూలు రెజిన్ వద్దన్నాడు. అక్టోబరులో వానలు దిగితే ఆరబెట్టడం అనే మాటే ఉండదు. కాబట్టి సంక్రాంతి దాకా నాయన వేరేవాళ్ళ పడవలో వాటాకు పోవాలి.

సొంతంగా చేసుకుందామని రెజిన్ కొనేవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక్క మాట. డబ్బా మీద తయారీ తేదీ చూడండి, మన ఎండలకు పాత రెజిన్ డబ్బాలోనే చిక్కబడుతుంది. రెజిన్ గట్టిపడటానికి కలిపే కోబాల్ట్, హార్డనర్ రెండూ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ పోయకండి, భగ్గుమంటుంది. ముందు రెజిన్‌లో కోబాల్ట్ పూర్తిగా కలిపాకే హార్డనర్ వేయాలి.

పడవ కొనేవాళ్ళు వెనక పలక, కొయ్య దిమ్మె, బోల్టుల చుట్టూ తట్టి వినండి. నీడలో ఒక పలుచటి ప్లాస్టిక్ కవరు అడుగుకు నాలుగు వైపులా టేపు వేసి రాత్రంతా ఉంచమనండి, పొద్దున లోపలి వైపు చెమట పట్టి ఉంటే లోపల నీళ్ళున్నట్టే. ఒక మూల రంగు గీకి చూపించమంటే ఒప్పుకోనివాళ్ళ దగ్గర కొనకండి. రసీదు మీద పడవ వయసు రాయించుకోండి.

సోమవారం తిరుపతి వెళ్ళి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు ఇస్తున్నాను. బతుకుదెరువు కోసం సొంతంగా వాడుకోవడానికి కొన్నది కాబట్టి కేసు వేసే హక్కు మాకు ఉంది. 5 లక్షల లోపు కొన్న వస్తువుకు ఫీజు కూడా లేదు. 1915 నంబరుకు ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు. నా దగ్గర ఫోన్‌పే ఎంట్రీ, ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లో "ఎనిమిదేళ్ళు" అన్న మాట, పుట్టీ పెచ్చు ఉన్నాయి. ఇదే మనిషి దగ్గర కొని మోసపోయినవాళ్ళు ఉంటే దయచేసి ముందుకు రండి, ఒకరికంటే ఇద్దరం ఉంటే మాటకు బలం ఉంటుంది.

ఆ నీలం పడవకు ఎవరైనా అడ్వాన్సు ఇచ్చి ఉంటే, మిగతా డబ్బు కట్టేలోపు నాకు ఒక మాట చెప్పండి. ఎంత దూరమైనా నాయనను తీసుకుని నేనే వస్తాను. షిఫ్టు పోయినా పరవాలేదు. ఆయన ముందు నుంచి వెనకదాకా తట్టి చూసేంతవరకు నోరు మూసుకుని పక్కనే నిలబడతాను.