టైప్-9తో సరుకు యాత్ర: ఎక్కడ దిగాలి, ఎక్కడ దిగకూడదు

విశాఖ పోర్టుకు పెద్ద ఓడ వస్తే డాల్ఫిన్స్ నోస్ పక్కనున్న ఇరుకు దారిలోకి తనంతట తాను దూరదు. పోర్టు పైలట్ ఎక్కాలి, టగ్గులు తోడు రావాలి. ఎలైట్ డేంజరస్ అనే అంతరిక్ష కంప్యూటర్ ఆటలో టైప్-9 హెవీ అనే పెద్ద సరుకు ఓడకు ఆ భాగ్యం లేదు. స్టేషన్ గుమ్మం దగ్గర పైలటూ మీరే, టగ్గూ మీరే. దీని వాలకం చూసి ఆటగాళ్లు ఆవు అని పేరు పెట్టారు గానీ, మన వైపు గేదె అంటేనే నప్పుతుంది.

ఒట్టి ఓడ ధర సుమారు 7.65 కోట్ల క్రెడిట్లు (ఆటలోని డబ్బు). అన్ని అరల్లో కార్గో ర్యాకులే పెడితే 790 టన్నులు పడతాయి. ఆశపడి షీల్డ్ తీసేయకండి. సైజు 5 షీల్డ్‌కు పోయేది 32 టన్నులు, ఓడను తనే దింపే డాకింగ్ కంప్యూటర్‌కు మరో 2. ఓడ పేలితే 5 శాతం కట్టి తెచ్చుకోవచ్చు, సరుకు మాత్రం గంగపాలే.

సోల్‌లోని, అంటే మన సౌరకుటుంబంలోని, అబ్రహాం లింకన్ స్టేషన్ మొదటి మజిలీగా బాగుంటుంది. భూమి చుట్టూ తిరిగే స్టేషన్ కనుక సూర్యుడి నుంచి దాదాపు 500 లైట్ సెకన్లే (కాంతి 500 సెకన్లలో పోయే దూరం). టైప్-9 దిగడానికి కావలసిన పెద్ద ప్యాడ్లున్నాయి. ఆటలోని ఫెడరేషన్ అనే రాజ్యంలో పెటీ ఆఫీసర్ ర్యాంకు లేనిదే సోల్‌లోకి రానివ్వరు. సూపర్‌క్రూజ్‌లో (ఒక నక్షత్ర వ్యవస్థ లోపల సాగే అతివేగ ప్రయాణంలో) మిగిలిన సమయం 7 సెకన్లకు రాగానే థ్రాటిల్ 75 శాతానికి దించండి. గేదె మలుపు నెమ్మది, ఆలస్యం చేస్తే స్టేషన్ దాటిపోయి చుట్టు తిరిగి రావాలి. 7.5 కిలోమీటర్ల లోపు దిగేందుకు అనుమతి అడగండి. కంప్యూటర్ ఉంటే థ్రాటిల్ సున్నా చేసి చేతులు తీసేయడమే. సొంతంగా దూరేవాళ్లు పచ్చ దీపాలు కుడివైపు ఉండేలా చూసుకుని, వేగం సెకనుకు 100 మీటర్లు దాటకుండా వెళ్లాలి. కాక్‌పిట్ ఓడ పైభాగంలో ఉంటుంది. మీ కళ్లకు గుమ్మం నడిమధ్యన ఉన్నారనిపిస్తే పొట్ట కింది అంచుకు రాసుకుంటున్నట్టే. కాస్త పైకి పట్టండి.

షిన్‌రార్తా దెజ్రా అనే నక్షత్ర వ్యవస్థలోని జేమ్సన్ మెమోరియల్ స్టేషన్‌కు ఎలైట్ అనే పై ర్యాంకు కావాలి. ఓడలు, విడిభాగాలు అన్నీ ఒక్కచోటే, ధరలోనూ తగ్గింపు. అందరూ కలిసి ఆడే ఓపెన్ మోడ్‌లో మాత్రం గుమ్మం దగ్గర కావాలని గుద్దేవాళ్లుంటారు. సరుకుతో ఉన్నప్పుడు ఒంటరిగా ఆడే సోలోయే మేలు.

కొలోనియాలోని జాక్స్ స్టేషన్ 22,000 లైట్ ఇయర్ల దూరం. ఇంజనీరింగ్ (విడిభాగాలకు పెట్టించే మెరుగులు) లేని టైప్-9 నిండా సరుకుతో ఒక్క గెంతుకు 20 లైట్ ఇయర్లు కూడా వేయదు. ఓడలను మోసుకెళ్లే ఫ్లీట్ క్యారియర్ దొరికితేనే ఆలోచించండి.

ఇక ఆల్ఫా సెంటారిలో హట్టన్ ఆర్బిటల్. దిగిన నక్షత్రం నుంచి 0.22 లైట్ ఇయర్, మామూలు సూపర్‌క్రూజ్‌లో గంట పైనే ప్రయాణం. సోలోలోనూ నెట్ తప్పనిసరి కనుక, బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిన వారం ఈ జోలికి పోవద్దు. అక్కడ అనకొండ ఓడ ఉచితమని ఎవరైనా చెబితే అది కొత్తవాళ్లను ఏడిపించే పాత వేళాకోళం. అసలు చిక్కు వేరే ఉంది: హట్టన్ ఒక అవుట్‌పోస్ట్, అంటే చిన్న స్టేషన్; పెద్ద ప్యాడే లేదు. గంట సేపు వెళ్లి దిగకుండానే తిరిగి రావాలి. బయల్దేరే ముందు సిస్టమ్ మ్యాప్‌లో ప్యాడ్ సైజు చూడండి.

2025లో వచ్చిన పాంథర్ క్లిప్పర్ మార్క్ 2 1,200 టన్నులు దాటి మోస్తుంది. అదీ పెద్ద ప్యాడ్ ఓడే, హట్టన్‌లో దానికీ చోటు లేదు.