ట్రైమౌంట్ నుంచి హెచ్‌టీఎస్‌సీ దాకా: డీజిల్ ఇంజన్ల బోగీలపై ఒక లోకో పైలట్ సమీక్ష

డీజిల్ ఇంజను గురించి ఎవరు మాట్లాడినా ముందు హార్స్‌పవర్ లెక్కే చెబుతారు. గూడ్సు బండ్లు నడిపినవాళ్లం మాత్రం ముందు ఇంజను అడుగున ఏముందో చూస్తాం. ఎంత శక్తి పుట్టినా దాన్ని పట్టాలకు అందించేది మూడేసి ఇరుసులున్న ఆ రెండు బోగీలే. బోగీ అంటే ఇక్కడ పెట్టె కాదు, ఇంజను కింద చక్రాలు, ఇరుసులు, మోటార్లు బిగించిన చట్రం. నా సర్వీసులో ఎక్కువ కాలం గుంటూరు-గుంతకల్ మార్గంలో డీజిళ్లే నడిపాను. మూడు రకాల బోగీల గుణం అక్కడే తెలిసింది.

మొదటిది డబ్ల్యూడీఎం-2 కింద ఉండే ట్రైమౌంట్. 1960లలో అమెరికా డిజైనుతో వచ్చి, తర్వాత వారణాసిలో పెద్ద సంఖ్యలో తయారైన ఇంజను ఇది. ఇంజను బరువులో దాదాపు 60 శాతం బోగీ మధ్యలోని పివట్ (బోగీ తిరిగే ఇరుకీలు) మీద, మిగిలింది రెండు పక్కల ఆనికల మీద పడుతుంది. ఇరుసులను తిప్పే కరెంటు మోటార్లన్నీ ఒకే దిక్కుకు ఉండవు. అందుకే ఇరుసుల మధ్య దూరం సమానంగా ఉండదు. ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసినా ఆ తేడా కంటికి ఆనుతుంది.

బరువైన బండి లాగేటప్పుడు ఏ ఇంజనుకైనా ముందు ఇరుసులు తేలికపడి బరువు వెనక్కి మళ్లుతుంది. ట్రైమౌంట్‌లో ఇది మరీ ఎక్కువ. గాజులపల్లె దాటి నల్లమలలోకి ఎక్కేటప్పుడు దాని ఫలితం అనుభవించాల్సిందే. జోరున వాన కురిస్తే పట్టాలు కడుక్కుపోతాయి, ఇబ్బంది ఉండదు. సన్నటి తుంపర పడి, దాని మీద రాలిన ఆకులు నలిగితేనే కష్టం. మోటార్లకు వెళ్లే కరెంటు చూపే ఆమ్‌మీటరు ముల్లు వణుకుతుంది, చక్రాలు జారుతున్నాయని హెచ్చరించే వీల్ స్లిప్ బజర్ మోగుతుంది, శక్తి దానంతట అదే పడిపోతుంది. నాచ్ (శక్తిని పెంచే, తగ్గించే మెట్టు) తగ్గించి, ఇసుక వేసి, చక్రాలకు పట్టు చిక్కాక మళ్లీ ఒక్కో నాచ్ పెంచాలి. ఈలోపు వేగం పోతుంది. ఇసుక పైపు మూసుకుపోతే అసిస్టెంటు దిగి చేత్తో పట్టా మీద ఇసుక చల్లడమూ ఉండేది.

1990ల మధ్యలో వచ్చిన గూడ్సు ఇంజను డబ్ల్యూడీజీ-3ఎతో హై అడ్హెషన్ (పట్టాలపై ఎక్కువ పట్టునిచ్చే) బోగీ వచ్చింది. నా దృష్టిలో మన డీజిళ్లలో అసలైన మలుపు ఇదే. ఇందులో మోటార్లన్నీ ఒకే దిక్కుకు ఉంటాయి. పివట్ బరువు మోయదు, లాగుడు, బ్రేకు బలాలను మాత్రమే అందుకుంటుంది. బరువంతా పక్కలనున్న రబ్బరు ఆనికల మీదకు పోయింది. దాంతో ఇరుసులన్నిటి మీదా భారం దాదాపు సమానంగా నిలుస్తుంది. హార్స్‌పవర్ 2600 నుంచి 3100కే పెరిగినా, బండి కదిలించే లాగుడు బలం సుమారు 30 టన్నుల నుంచి 38 టన్నులకు చేరింది. ఇంజను బరువు పెరగడం కూడా ఒక కారణమే, కానీ తుంపరలో తేడా చూపించింది బోగీయే. స్ప్రింగులు రెండు అంచెలు కావడంతో కుదుపు కూడా తగ్గింది. ట్రైమౌంట్ మీద రాత్రంతా పనిచేసి దిగితే నడుము పట్టేసేది.

ఆ తర్వాత 4000 హార్స్‌పవర్ డబ్ల్యూడీజీ-4, దాని కింద హెచ్‌టీఎస్‌సీ (హై టెన్సైల్ స్టీల్ కాస్ట్, అంటే గట్టి ఉక్కుతో పోతపోసిన) బోగీ. లాగుడు బలం 50 టన్నులు దాటింది. ఇక్కడ ఘనత బోగీ ఒక్కదానిదే అనలేను. ఏసీ మోటార్లు, చక్రం జారబోతుండగానే సరిదిద్దే కంప్యూటరు దానికి తోడయ్యాయి. ఎత్తు ఎక్కేటప్పుడు నడక వేగంతోనైనా పట్టు విడవకుండా సాగుతుంది. నమ్మకంగా నాచ్ ఇవ్వొచ్చు. ఇదే కుటుంబంలోని ప్యాసింజర్ ఇంజను డబ్ల్యూడీపీ-4కు మొదట ఆరు ఇరుసుల్లో నాలుగింటికే మోటార్లు పెట్టారు. ఆ పొదుపు నాకు నచ్చలేదు. బరువు మోసే ఇరుసు లాగకపోతే ఆ బరువు వృథాయే. తర్వాత వచ్చిన డబ్ల్యూడీపీ-4బిలో ఆరు ఇరుసులకూ మోటార్లు ఇచ్చారు.

ట్రైమౌంట్‌ను తీసిపారేయను. డబ్ల్యూడీఎం-2 ఇరుసు భారం 19 టన్నుల లోపే కాబట్టి తేలికపాటి పట్టాలున్న బ్రాంచి లైన్లలోకీ వెళ్లేది. డబ్ల్యూడీజీ-4 ఇరుసు భారం 21 టన్నులు, ఆ సౌలభ్యం దానికి లేదు. అయినా నల్లమల ఎక్కుడులో, చినుకుల వేళ, నిండు లోడుతో ఏ ఇంజను కావాలని అడిగితే ఆలోచించకుండా డబ్ల్యూడీజీ-4 అంటాను. అది దొరక్కపోతే డబ్ల్యూడీజీ-3ఎ.