గోడ క్యాలెండర్‌తో మూడేళ్ల నడక: నా అనుభవం

మూడేళ్ల కిందట రక్త పరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.3 వచ్చింది. మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష అది. 6.5 వస్తే షుగర్ ఉన్నట్టే లెక్క. నల్లగొండలో ప్రకాశం బజార్ దగ్గర నాకు బట్టల షాపు ఉంది. పొద్దున పదింటికి గల్లా ముందు కూర్చుంటే రాత్రి తొమ్మిది దాకా లేచేది తక్కువ. రోజూ అరగంట నడవమన్నారు డాక్టరు.

ముందు చేతికి కట్టుకునే బ్యాండ్ కొన్నాను. అందులో రోజుకు పదివేల అడుగుల టార్గెట్. సాయంత్రానికి 6,200 కనిపిస్తే మనసు చివుక్కుమనేది. ఆ పదివేలు ఏ డాక్టరో తేల్చిన లెక్క కాదనీ, 1965లో జపాన్‌లో అడుగులు కొలిచే పరికరానికి పెట్టిన పేరు నుంచి వచ్చిందనీ చాలా రోజుల తర్వాత తెలిసింది. ఐదో నెలలో బ్యాండ్ చార్జింగ్ ఎక్కడం మానేసింది. నా నడక కూడా అప్పుడే ఆగిపోయింది.

అప్పుడు మా ఆవిడ అన్నది: "పాలు రాని రోజు క్యాలెండర్ల సున్నా చుడతాం గదా. మీ నడక గూడా అట్లనే రాసుకోరాదు?"

వంటింటి గుమ్మం పక్కన వేలాడే తెలుగు క్యాలెండర్ అది. తిథి, నక్షత్రం, రాహుకాలం, పాల లెక్క, గ్యాస్ సిలిండర్ వచ్చిన తారీఖు అన్నీ దాని మీదే ఉంటాయి. అదే గడిలో కింద కుడి మూలన నడిచిన రోజు చిన్న గీత పెట్టడం మొదలుపెట్టాను. ఒక చిక్కొచ్చింది. గోడకు ఆనించి అడ్డంగా రాస్తే బాల్‌పెన్ నాలుగు రోజులకే రాయడం మానేస్తుంది. విదిలించి, గీకి, మళ్లీ గీకితే కాగితం చిరుగుతుంది. పెన్సిల్‌కు దారం కట్టి ఆ మేకుకే వేలాడదీశాను. మూడేళ్లలో పెన్సిళ్లు మారాయి గానీ ఆ దారం అదే.

పొద్దున ఐదున్నరకు పాలబ్బాయి బెల్లు కొడతాడు. పాలు పోయించుకుని గిన్నె లోపల పెట్టి, అటు నుంచి అటే బూట్లు వేసుకుంటాను. మళ్లీ మంచం వైపు వెళ్లను. నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. రోజూ ఎలాగూ జరిగే పనికి నడకను ముడివేస్తే, వెళ్లాలా వద్దా అని ఆలోచించే పని ఉండదు. మామూలు రోజుల్లో ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్, ఆదివారం పానగల్ ఉదయసముద్రం కట్ట. ముసురు పట్టిన రోజు ఇంటి వరండాలోనే పది నిమిషాలు. దానికి కూడా గీత పెడతాను, పది నిమిషాలే కదా అని వదలను.

ఇరవై ఒక్క రోజుల్లో అలవాటైపోతుందని చాలామంది చెబుతారు. నాకు కాలేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించి, సగటున 66 రోజులు పడుతుందనీ, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా తేడా ఉంటుందనీ లెక్కగట్టారు. మధ్యలో ఒక రోజు తప్పితే నష్టమేమీ లేదని కూడా వాళ్లకు తేలింది. నాకైతే నాలుగో నెల దాటాకే, నడవని రోజు ఏదో మరిచిపోయినట్టు అనిపించడం మొదలైంది. ఒక రోజు తప్పితే తప్పనీ, వరుసగా రెండు గడులు మాత్రం ఖాళీగా ఉండకూడదని పెట్టుకున్నాను.

రెండో ఏడు వానాకాలంలో చికున్‌గున్యా వచ్చింది. జ్వరం తగ్గినా మోకాళ్లు, మణికట్లు పట్టేసి మూడు వారాలు గడప దాటలేదు. ఈ పద్ధతిలో నాకు కనిపించిన పెద్ద లోపం అప్పుడే బయటపడింది. వరుసగా ఖాళీ గడులు చూస్తుంటే అన్నీ పోయినట్టే అనిపించి, బాగయ్యాక కూడా వారం రోజులు కదలలేకపోయాను. మా ఆవిడే ఆ గడులన్నిట్లో 'జ' అని రాసింది, జ్వరం అని. ఆ అక్షరం చూశాక నాకు ధైర్యం వచ్చింది. ఖాళీ వేరు, జబ్బు వేరు. మర్నాడు గేటు దాకా వెళ్లొచ్చి గీత పెట్టాను.

బరువు పెద్దగా తగ్గలేదు, నాలుగు కిలోలే. హెచ్‌బీఏ1సీ మాత్రం పోయిన నెలలో 5.8 ఉంది. రాత్రి అన్నం మానేసి రెండు జొన్న రొట్టెలు తినడం కూడా అందులో ఉంది కాబట్టి అంతా నడక వల్లే అనను. ఎంత దూరం, ఎంత వేగం అన్నది క్యాలెండర్ చెప్పదు. అవి కావాలనుకునేవాళ్లకు ఇది చాలదు.

పాత క్యాలెండర్లు పారేయలేదు, చుట్టి అటక మీద పెట్టాను. ఈ ఏడు నుంచి మా ఆవిడ కూడా అదే గడిలో ఎడమ మూలన తన కాల్షియం మాత్రకు చుక్క పెడుతోంది. పాల సున్నా, నా గీత, ఆమె చుక్క కలిసి తిథి కనబడటం లేదు. డిసెంబర్‌లో కిరాణా షాపాయన క్యాలెండర్లు పంచేటప్పుడు, గళ్లు పెద్దగా ఉన్నది మాకు ఒకటి తీసి పెట్టమని ఇప్పుడే చెప్పి ఉంచాను.