స్టేజీ డిజైన్ డ్రాయింగ్ క్లాసుకి సామాన్లు: విజయనగరంలో ఏం కొనొచ్చు, ఏం వద్దు

ముందే చెప్పేస్తున్నా, 'ఆర్టిస్ట్ కిట్' అని పెన్సిళ్లు, పాస్టెళ్లు, వాటర్ కలర్ ట్యూబులు, ఒక బుల్లి ప్యాలెట్టు అన్నీ సర్ది అమ్మే పెట్టె ఈ క్లాసుకి దండగ. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ సెట్ డిజైన్ నేర్చుకునేవాళ్లకి అందులో సగానికి మూత తీసే పని కూడా పడదు. మేం నాటకాల వాళ్లం కొందరం కలిసి ఒక మాస్టారి దగ్గర నేర్చుకుంటున్నాం. అక్కడ మొదట అడిగేది కొలత. వేదిక వెడల్పెంత, లోతెంత, తలుపు ఎక్కడ, ముందు వరసలో కూర్చున్నవాడికి వింగ్ (వేదికకి పక్కన నటులు కనబడకుండా నిలబడే చోటు) లోపల ఏం కనబడుతుంది, ఇవన్నీ తేలాకే బొమ్మ, ఆ తర్వాతెప్పుడో రంగు. డబ్బులు కూడా ఆ వరసలోనే ఖర్చు పెట్టాలి.

నేను ఎక్కువగా కొన్నది గంటస్తంభం దగ్గర ఒక పాత స్టేషనరీ షాపులో. మన దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలుండటం ఇక్కడ కలిసొచ్చింది, ఆ పిల్లల కోసం మినీ డ్రాఫ్టర్లు (బోర్డుకి బిగించి గీతలు, కోణాలు గీసే పరికరాలు), సెట్ స్క్వేర్లు, షీట్ హోల్డర్లు, క్లిప్పులు స్టాకు పెడతారు. లోపలికి వెళ్లగానే "ఇంజినీరింగేనా బాబూ, ఏ కాలేజీ?" అన్నాడాయన. కాదండీ నాటకాలకి అంటే "నాటకాలకి డ్రాయింగేటి బాబూ!" అని నవ్వాడు గానీ, ఆ తర్వాత ఓపిగ్గా పై అరల్లోంచి కూడా షీట్లు దింపి చూపించాడు.

స్కేలు విషయం కాస్త వివరంగా చెప్పాలి. పుస్తకాల్లో 1:25 అని ఉంటుంది, అంటే మీటరుకి 4 సెంటీమీటర్లు, మామూలు స్కేలుతోనే గీసేయొచ్చు. కానీ మన దగ్గర వడ్రంగి, టెంటు వాళ్లు, హాలు వాళ్లు అందరూ అడుగుల్లోనే మాట్లాడతారు కదా, ఆ లెక్కన అడుగుకి అర అంగుళం పెట్టుకుంటే, అంటే 1:24, ప్రాణం హాయిగా ఉంటుంది. 30 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు ఉన్న వేదిక 15 అంగుళాలు, 10 అంగుళాలు అవుతుంది, ఎ3 షీటులో సరిగ్గా పడుతుంది. వింగ్స్, ముందు వరస సీట్లు కూడా చూపించాలంటే మాత్రం ఎ2 తప్పదు. కాబట్టి అంగుళాల గీతలు స్పష్టంగా ఉన్న స్టీలు స్కేలు ఒకటి మంచిది తీసుకోండి, అట్ట కోయడానికీ అదే పనికొస్తుంది. మూడు పలకల స్కేలు కొనాలనిపిస్తే దాని మీద 1:25, 1:50 రెండూ ఉన్నాయో లేదో చూసి మరీ కొనండి. డ్రాఫ్టరు ఉంటే మంచిదే, లేకపోయినా రెండు సెట్ స్క్వేర్లతో పని జరిగిపోతుంది.

పెన్సిళ్లకి పెద్ద ఆలోచన అక్కర్లేదు. అప్సర, డామ్స్ ఏదైనా సరే, 2హెచ్, హెచ్‌బీ, 4బీ విడిగా తీసుకోండి.

ట్రేసింగ్ పేపరు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. వేదిక ప్లాను కింద ఒకసారి గీసి పెట్టుకుని, రెండో రంగంలో మంచం ఎటు జరిగింది, మూడో రంగంలో తులసికోట ఎక్కడికొచ్చింది అన్నీ దాని మీద ట్రేసింగ్ షీట్లు వేసి చూస్తాం, క్లాసంతా నడిచేది దీని మీదే. పల్చటి రకం రెండుసార్లు రబ్బరు పెడితే చిరుగుతుంది, 90 జీఎస్ఎం (కాగితం ఎంత దళసరిదో చెప్పే లెక్క) దగ్గర్లో ఉన్నది అడగండి. మన సముద్రపు గాలి తేమకి ఇది అలలు తిరిగిపోతుంది, వానాకాలం మరీను, అందుకే చుట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోవాలి. దీని మీద మామూలు జెల్ పెన్నుతో గీస్తే చెయ్యి తగిలిన చోటల్లా పులుముకుపోతుంది. వాటర్‌ప్రూఫ్ ఫైన్ లైనర్లు (సన్న మొన పెన్నులు) ఈ షాపులో లేవు, విశాఖ వెళ్లినప్పుడు తెచ్చుకున్నా.

ఇక నాకు బాగా నచ్చింది, అన్నిటికంటే చవకైనది, స్కూలు పుస్తకాలకి అట్టలు వేసే బ్రౌన్ పేపరు. తెల్ల కాగితం మీద గీసేటప్పుడు మనం నీడలే వేస్తూ పోతాం. స్టేజీ మీద జరిగేది దానికి తిరగేసి, ముందు చీకటి ఉంటుంది, లైటు వచ్చి పడుతుంది. బ్రౌన్ పేపరు గరుకు వైపున 4బీతో చీకటి కాస్త నింపి, తెల్ల పెన్సిల్‌తో లైటు పడే చోట మాత్రం రుద్దితే, మనిషి మొహం మీద పై నుంచి స్పాట్ కొట్టినట్టే కనిపిస్తుంది. నున్నటి వైపు మాత్రం పెన్సిల్ జారిపోతుంది. నల్ల చార్టు మీదా ఇది చెయ్యొచ్చు, కానీ నడిమి ఛాయలు బ్రౌన్‌లోనే బాగా వస్తాయి.

సెట్‌కి చిన్న నమూనా, అంటే మోడలు కట్టడానికి అందరూ సన్‌బోర్డ్ (తేలికపాటి ఫోమ్ బోర్డు) అంటారు, ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపుల్లో ముక్కలు దొరుకుతాయి. నేల కోసం, చుట్టూ పెట్టె కోసం బాగుంటుంది. గోడలకి మాత్రం వాడకండి, 5 మిల్లీమీటర్ల బోర్డు 1:24 లెక్కన 12 సెంటీమీటర్ల మందం అవుతుంది, మనం కట్టేదేమో చెక్క ఫ్రేముకి గుడ్డ బిగించిన ఫ్లాటు, చూడబోతే కోట గోడలా ఉంటుంది! గోడలకి ఐవరీ షీటు (నున్నటి తెల్ల దళసరి కాగితం), కాస్త గట్టిగా కావాలంటే మిల్ బోర్డు (గట్టి అట్ట).

రంగులకి కేమెల్ పోస్టర్ కలర్స్ చాలు, తెలుపూ నలుపూ పెద్ద సీసాలు, మిగతావి చిన్నవి. ముదురు రంగు మీద లేత రంగు వేసినా కింది రంగుని కప్పేస్తుంది, సెట్ స్కెచ్‌కి అదే కావాలి. వేసిన రంగుని ట్యూబ్‌లైటు కిందే చూసి మురిసిపోకుండా పసుపు బల్బు కింద కూడా పెట్టి చూడండి, నీలం ఎంత మాసిపోతుందో తెలుస్తుంది.

ఆన్‌లైన్‌లో ఒక చోట ఎ2 షీట్లు తెప్పిస్తే మూలలు నలిగి వచ్చాయి, వెనక్కి పంపే తిప్పలు పడలేక ఉంచేసుకున్నా. పెద్ద షీట్లు ఊళ్లోనే చేత్తో పట్టుకుని చూసి కొనుక్కోవడం మేలు. మన షాపాయనకి అయిదుకి నాలుగిస్తా. ఒకటి తగ్గించింది ఫైన్ లైనర్లు లేనందుకు, ఇంకా ఆ ఆర్టిస్ట్ కిట్లు కౌంటరు మీద ఎదురుగా పెట్టి, ట్రేసింగ్ పేపరు లోపల దాచినందుకు. ఆదివారం వెళ్లేటట్టయితే ముందు కనుక్కుని వెళ్లండి, షీట్లు చుట్టుకోవడానికి రబ్బరు బ్యాండ్లు ఆయన ఊరికే ఇస్తాడు, అడగాలంతే.