9 పిన్నుల డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్: ఏళ్ల తరబడి బిల్లులు కొట్టించాక

లేజర్ ప్రింటర్లు ఎంత చవకైనా లారీ ఆఫీసుల్లో, ఎరువుల కొట్లలో, రైస్ మిల్లుల్లో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ గరగర చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది. సరుకు అమ్మితే జీఎస్టీ నిబంధనల ప్రకారం ఇన్‌వాయిస్ మూడు ప్రతులు ఉండాలి: అసలుది కొన్నవారికి, రెండోది రవాణాదారుకి, మూడోది అమ్మినవారికి. 3 ప్లై (మూడు పొరల) పేపర్ పెడితే, పిన్నులతో రిబ్బన్ మీద కొట్టి చుక్కలు వేసే హెడ్ ఒక్కసారి నడవగానే మూడూ వచ్చేస్తాయి. లేజర్లో మూడుసార్లు తీయాలి, పైగా ఏ కాపీ ఎవరికో విడదీసుకోవాలి. వేడితో అచ్చయ్యే థర్మల్ బిల్లు ఎండకీ వేడికీ వెలిసిపోతుంది, రిబ్బన్ సిరా అలా పోదు. ఇక అచ్చు అందమా, అది అడక్కండి.

ఈ జాతి చిన్న ఆఫీసు బల్ల మీదికి చేరింది 1980లో ఎప్సన్ ఎంఎక్స్-80 వచ్చాకే. దాని ఆజ్ఞల పద్ధతిని మిగతా కంపెనీలూ పట్టుకున్నాయి. అందుకే విండోస్‌కి ముందటి డాస్ కాలపు అకౌంట్ల ప్రోగ్రాం ఇప్పటి మెషీన్ మీద కూడా బిల్లు కొడుతుంది. మన దగ్గర కంప్యూటర్ ముఖం చూడని జనం చేతికి కూడా కంప్యూటర్ పని చేరింది ఈ చుక్కల అచ్చుతోనే. 1994లో సికింద్రాబాద్‌లో రైల్వే వారి కన్సర్ట్ అనే కంప్యూటర్ రిజర్వేషన్ వ్యవస్థ మొదలైంది. కౌంటర్లో ఇచ్చే టికెట్టు, అప్పట్లో బోగీ తలుపు పక్కన అంటించిన చార్టు అలా అచ్చయినవే.

ఇక వాడకం. వరుసకి 80 అక్షరాలు పట్టే 80 కాలమ్ మెషీన్‌కి 10×12 అంగుళాల కంటిన్యూయస్ పేపర్ (చిల్లుల గీతలతో మడతలుగా వచ్చేది) సరిపోతుంది. అంగుళానికి 10 అక్షరాలు, 6 లైన్ల చొప్పున పేజీకి 72 లైన్లు. కొత్తగా పెట్టినవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. విండోస్ డ్రైవర్‌లో ఏ4 అని వదిలేస్తే దాని పొడవు 11.69 అంగుళాలు, మీ కాగితం 12. బిల్లు బిల్లుకీ అచ్చు మూడో వంతు అంగుళం దాకా పైకి జరుగుతూ నాలుగైదు బిల్లులకల్లా చిల్లుల గీత మీద పడుతుంది. ప్రింటర్ పాడైందని సర్వీసు మనిషిని పిలిచేది సగం ఇందుకే. ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్ తెరిచి 25.4 × 30.48 సెం.మీ. కొలతతో కొత్త ఫారం చేయండి, సగం పేజీ బిల్లయితే 15.24 సెం.మీ. ఎత్తు పెట్టండి. తర్వాత ప్రింటర్ డ్రైవర్‌లోనూ, బిల్లింగ్ ప్రోగ్రాంలోనూ ఆ ఫారమే ఎంచుకోవాలి. ఒకచోట పెట్టి రెండోచోట మరిచిపోతే మళ్లీ మొదటికే.

కాగితం ఎక్కించేటప్పుడు అంచు రంధ్రాల్లో పళ్లు దూర్చి కాగితాన్ని లాగే ట్రాక్టర్లలో ఎడమదాన్ని ముందు బిగించి, కుడిదాన్ని వదులుగా ఉంచి, కాగితం నిటారుగా సర్దుకున్నాక తాళం వేయాలి. మరీ లాగితే అంచు రంధ్రాలు చిరుగుతాయి, మరీ వదిలితే మధ్యలో కాగితం ఉబ్బి హెడ్‌కి తగులుతుంది. పేపర్ పెట్టె సరిగ్గా ప్రింటర్ వెనకాలే ఉండాలి. బల్ల అంచుకి రాసుకుంటూ వచ్చే కాగితం ఎప్పుడో ఒకప్పుడు వంకరపోతుంది. కరెంటు ఉండగా రోలర్ మరను చేత్తో తిప్పకండి, పేజీ మొదలు ఎక్కడో మెషీన్‌కి తెలియకుండా పోతుంది.

అన్నిటికంటే ముఖ్యం హెడ్‌కీ రోలర్‌కీ మధ్య ఎడం మార్చే లివర్. ఒంటి కాగితానికి అన్నిటికంటే దగ్గరి గుర్తు, ప్లై పెరిగేకొద్దీ ఒక్కో మెట్టు వెనక్కి. కాగితాన్ని బట్టి సరైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. ఎడం ఎక్కువైతే మూడో కాపీ మసకబారుతుంది. తక్కువైతే రిబ్బన్ కాగితానికి రాసుకుని మరకలు పడతాయి, పిన్ను రిబ్బన్‌లో చిక్కి వంగుతుంది. 3 ప్లై గుర్తు మీద పెట్టి అలాగే ఒంటి కాగితం వేస్తే అచ్చు పాలిపోతుంది, చాలామంది అప్పుడు రిబ్బన్‌ని తిడతారు. లివర్ సరిగ్గా ఉన్నా కింది కాపీ పడకపోతే తప్పు కాగితానిది. కార్బన్ లేని పేపర్లో పై షీటు వెనక ఉన్న సన్నని సిరా బుడగలు పిన్ను దెబ్బకి చిట్లితేనే కింది షీటు మీద రంగు తేలుతుంది. వేడి గదిలో, బరువు కింద నిలవున్న కట్టలో ఆ బుడగలు ముందే చిట్లిపోతాయి.

అక్షరాల మీదుగా అడ్డంగా ఒకే ఎత్తులో తెల్లగీత కనిపిస్తే ఒక పిన్ను పోయినట్టు. ఎండిన రిబ్బన్‌తో నెట్టుకురావడం దీనికి పెద్ద కారణం, ఎందుకంటే పిన్నులకి నూనె అందేది రిబ్బన్ సిరా నుంచే. తిరిగి సిరా పట్టిస్తే నూనె ఆధారిత సిరానే వాడాలి, నీటి ఆధారిత స్టాంప్ ప్యాడ్ సిరా పిన్నుల దారిలో బంకై కూర్చుంటుంది. గుడ్డ నూలు లేచిన రిబ్బన్‌కి అదీ వద్దు. కొత్తది రెండు మూడు వందల రూపాయలు, హెడ్ వేలల్లో. రిబ్బన్ వేశాక బాణం గుర్తు వైపు మర తిప్పి వదులు తీయడం మరవొద్దు.

బిల్లు గళ్ళ గీతల చోట వాలు అక్షరాలు పడుతున్నాయా? ప్రింటర్ సెట్టింగుల్లో క్యారెక్టర్ టేబుల్ (ఏ కోడుకి ఏ గుర్తు కొట్టాలో చెప్పే పట్టిక) ఇటాలిక్ మీద ఉంది, గళ్ళ గీతలున్న పీసీ437కి మార్చండి. నిలువు గీతలు మెట్లు మెట్లుగా వస్తే హెడ్ రానూ పోనూ కొట్టే దెబ్బలు కలవట్లేదు. చాలా మోడళ్లలో బై-డి అడ్జస్ట్‌మెంట్ అనే అమరికతో సరిచేయొచ్చు.

తెలుగు మాత్రం దీని బలహీనత. ఇంగ్లిష్ అక్షరాలు ప్రింటర్ లోపలే ఉంటాయి. తెలుగు బొమ్మగా వెళ్తుంది కాబట్టి నెమ్మది, మోత కూడా ఎక్కువ. 9 పిన్నుల వరుసలో నిలువున అంగుళానికి 72 చుక్కలే కనుక చిన్న సైజులో ఒత్తులు కలిసిపోతాయి, ‘ఘ’, ‘ఝ’ తేడా తెలియదు. 14 పాయింట్లకి తగ్గకుండా పెట్టి, కొట్టు పేరు, షరతులు ముందే అచ్చు వేయించిన కాగితం వాడటం మేలు. రసీదంతా తెలుగులోనే కావాలంటే 24 పిన్నుల మెషీన్ కొనండి. దాని పిన్నులు సన్నం, మూడు నాలుగు కాపీల మీద రోజంతా కొడితే త్వరగా అరుగుతాయి.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే కంప్యూటర్‌కి కలపక ముందే లైన్ ఫీడ్ బటన్ నొక్కి పట్టుకుని స్విచ్ వేయండి. చాలా మోడళ్లలో అలా సొంత పరీక్ష అచ్చవుతుంది. రెండు పేజీలు కొట్టించి అక్షరాల మీదుగా అడ్డంగా తెల్లగీత ఉందేమో చూడండి. కనిపిస్తే హెడ్ ఖర్చు ధరలోంచి తీసేసి బేరమాడండి. పాత పద్ధతి పారలల్ పోర్టు మాత్రమే ఉన్నదైతే యూఎస్‌బీ మార్పిడి కేబుల్ పెట్టుకోవాలి. అప్పుడు విండోస్ బిల్లింగ్ బాగానే నడుస్తుంది కానీ, నేరుగా ఎల్‌పీటీ1కి (డాస్‌లో పారలల్ పోర్టు పేరు) పంపే పాత డాస్ ప్రోగ్రాంలకి ప్రింటర్‌ని షేర్ చేసి ఆ పోర్టుకి మళ్లించాలి.